పండిన చెట్టు వెంట: ఆనైమలై నుంచి వాళచ్చాల్ దాకా ఒక ఏప్రిల్ యాత్ర

సోమవారం: ఆళియార్ నుంచి వాల్పారై

పొల్లాచ్చి దాటాక ఆళియార్ జలాశయం పక్కనుంచి కొండ మీదికి వెళ్లే ఘాట్ రోడ్డుకు 40 మలుపులున్నాయి. కింది మలుపుల్లో ఎండకు ఆకు రాల్చిన పొడి అడవి ఉంటుంది; సగం ఎక్కేసరికి గాలిలో తేమ తెలుస్తుంది, కొమ్మల మీద నాచు కనిపిస్తుంది; వెయ్యి మీటర్ల ఎత్తు దాటేసరికి వాల్పారై పీఠభూమి తేయాకు తోటలతో ఎదురవుతుంది. సుమారు 220 చదరపు కిలోమీటర్ల ఈ పీఠభూమిలో పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి కాఫీ కోసం, తేయాకు కోసం వాన అడవిని నరుకుతూ పోగా, మిగిలిన అడవి చిన్నా పెద్దా ముక్కలుగా తోటల మధ్య నిలిచి ఉంది. చుట్టూ ఆనైమలై పులుల అభయారణ్యం, కేరళ వైపు పరంబికుళం, వాళచ్చాల్ అడవులు ఉన్నాయి.

అడవిలో పండ్లు వచ్చేదీ పోయేదీ ఒక కాలానికి లోబడి ఉన్నప్పుడు, పండు మీదే బతికే పక్షులు ఆ రాకపోకలతో ఎలా నెట్టుకొస్తాయో కళ్లారా చూడాలన్నదే ఈ ప్రయాణానికి కారణం. ఉష్ణమండల అడవి అనగానే ఏడాది పొడుగునా పండ్లతో నిండిన చోటు మనకు మనసులో మెదులుతుంది. నిజానికి అక్కడ వేడి పెద్దగా మారకపోయినా వాన మారుతుంది, మబ్బు మారుతుంది, ఆకులకు అందే వెలుగు మారుతుంది. వాటిని బట్టే చెట్టు పూతకు వస్తుంది. చాలా జాతులు ఏడాదికి ఒక్కసారి, కొన్ని రెండు మూడేళ్లకోసారి కాస్తాయి. ఏ వారమైనా ఒక కొండవాలు మీద వందల చెట్లలో పండు పండి ఉన్నవి కొన్నే ఉంటాయి, అవీ ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. వాల్పారై చేరేసరికి చీకటి పడింది కనుక ఆ రోజు చూసిందేమీ లేదు.

మంగళవారం: జువ్వి చెట్టు కింద

తెల్లవారకముందే తోట అంచున, అడవి ముక్క మొదలయ్యే చోట ఉన్న ఒక పెద్ద జువ్వి చెట్టు దగ్గరికి చేరాం. నాకు తోడుగా వచ్చిన పెద్దాయన కాడర్ గిరిజనుడు. ఈ అడవుల్లో వాచర్‌గా చాలా ఏళ్లు పనిచేసిన మనిషి. "నాలుగు రోజుల కింద ఇక్కడ ఒక్క పిట్ట లేదు సార్, ఇప్పుడు చూడండి" అన్నారు.

వెలుగు రాకముందే బార్బెట్లు అనే చిన్న పిట్టలు కుట్రూ కుట్రూమని మొదలుపెట్టాయి. వెలుగు పడ్డాక పచ్చ పావురాలు వచ్చాయి. అవి ఆకుల రంగులో ఎంతగా కలిసిపోతాయంటే, పండు రాలిన చప్పుడు విని ఆ కొమ్మ వైపు చూస్తే తప్ప అక్కడ పక్షి ఉందని తెలియదు. తర్వాత కొండ గోరువంకలు గుంపుగా దిగాయి. పికిలిపిట్టల్లో పసుపు కనుబొమ్మలవి, నల్లవి రెండూ వచ్చాయి. నల్లటి ఒంటి మీద నీలం మెరిసే ఫెయిరీ బ్లూబర్డ్ జంట పైకొమ్మల్లో తిరిగింది. ఎనిమిది గంటల వేళ రెక్కల హోరు ముందు వినిపించి, ఆ తర్వాత గ్రేట్ హార్న్‌బిల్ మగపక్షి వచ్చి వాలింది. దాని కింద కొమ్మ ఊగింది, దగ్గర్లో ఉన్న బార్బెట్లు పక్కకు జరిగాయి. అంత పెద్ద ముక్కు కొసతో అది ఒక్కొక్క పండును మెల్లగా తుంచి, తల వెనక్కి విసిరి గొంతులోకి జార్చుకోవడం ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. పచ్చి కాయలను ముక్కుతో తాకి వదిలేసింది, పండినవాటినే ఏరుకుంది.

పదకొండు గంటలకు సందడి సద్దుమణిగాక, రాలిన పండొకటి తీసి చాకుతో రెండుగా కోశాను. మేడిపండు పొట్టలో పురుగులుంటాయని చిన్నప్పుడే అందరం చదువుకున్నాం. ఆ పురుగుల దగ్గరే ఈ కథంతా ఉంది. లోపల ఆవగింజకన్నా చిన్న గింజలు వందలుగా ఉన్నాయి, వాటి మధ్య రెక్కల్లేని మగ కందిరీగలు చచ్చి పడి ఉన్నాయి, పైతోలుకు అవి కొరికిన సన్నటి రంధ్రం ఉంది. ఆ దారినే రెక్కలున్న ఆడ కందిరీగలు పుప్పొడి మోసుకుని వెళ్లిపోయాయి. ఆడ కందిరీగ బయటి జీవితం ఒకటి రెండు రోజులు. ఆ కాస్త వ్యవధిలో అదే జాతికి చెందిన మరో చెట్టు, సరిగ్గా పుప్పొడి అందుకునే దశలో ఉన్నది, దానికి దొరకాలి. చెట్లన్నీ ఒకేసారి కాస్తే కందిరీగల వంశం అక్కడితో తెగిపోతుంది. వాటితో పాటే ఆ చెట్ల వంశమూ తెగిపోతుంది. అందుకే ఒక చెట్టు మీది కాయలన్నీ దాదాపు ఒకేసారి పండినా, అడవి మొత్తం మీద ఏ నెలలో చూసినా ఏదో ఒక చెట్టు పండుతూనే ఉంటుంది. కందిరీగ కోసం ఏర్పడిన ఈ వరస, మిగతా చెట్లు ఖాళీగా ఉన్న నెలల్లో పక్షులకు ఆసరా అవుతోంది. మర్రి, రావి, జువ్వి, మేడి చేరిన ఈ కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద 750కి పైగా జాతులున్నాయి. వీటి పండ్లు తినే పక్షులు, జంతువులు 1,200 జాతులకు మించి నమోదయ్యాయి.

పెరూలోని మాను అడవుల్లో పనిచేసిన జాన్ టెర్బార్గ్, కరువు నెలల్లో పండు తినే ప్రాణుల్ని నిలబెట్టేవి ఇలాంటి కొద్దిపాటి చెట్లేనని 1986లో ప్రతిపాదించారు. ఆ మాటను ప్రతి అడవికీ అంటగట్టడం సరికాదని నా అభిప్రాయం. ఆఫ్రికాలోని గాబన్‌లో ఆనీ గోతియే-యోన్, జార్జ్ మిషాలూ చేసిన పరిశీలన 1989లో వెలువడింది; అక్కడ ఈ చెట్లు మరీ పలుచగా ఉండడంతో జంతువులు, పక్షులు వాటిని నమ్ముకుని కరువు దాటడం లేదని వారు గుర్తించారు. ఈ కొండల్లో మాత్రం, నేను నిలబడిన చెట్టు కిందనైతే, టెర్బార్గ్ మాటకు సాక్ష్యం తల మీదే రెక్కలు కొడుతోంది.

పండ్లు ఎన్ని ఉన్నా వీటిలో బలం తక్కువ. నీరు, చక్కెర, కావలసినంత కాల్షియం ఉంటాయి; కొవ్వు, మాంసకృత్తులు తక్కువ. కాబట్టి పొట్ట నింపుకోవడానికి ఇక్కడికి వచ్చే పక్షే మరో రకం పండు కోసం లోపలి అడవిలో వెతుక్కుంటుంది. ఆ పండును చూడడానికి మర్నాడు లోపలికి వెళ్లాం.

బుధవారం: లోపలి అడవి

అనుమతి తీసుకుని వెళ్లిన ఈ బాటలో కొన్ని చెట్లకు అల్యూమినియం బిళ్లలు కొట్టి అంకెలు వేసి ఉన్నాయి. నెలనెలా అవే చెట్ల కింద నిలబడి, బైనాక్యులర్‌తో పైకొమ్మలు చూసి, మొగ్గ ఎంత, పచ్చికాయ ఎంత, పండు ఎంత అని రాసుకునే పని ఇక్కడ జరుగుతోంది. చూడడానికి విసుగు పుట్టించే పనే. అయినా పక్షుల గురించి మనం చెప్పే ప్రతి మాటకూ పునాది ఈ పట్టికలే. ఒక చోట ఈ నెల హార్న్‌బిల్‌లు తగ్గాయని రాస్తే, అవి చచ్చిపోయాయా, పండు అయిపోయి పక్క లోయకు వెళ్లాయా అన్నది పట్టిక లేకుండా ఎవరూ చెప్పలేరు. ఒక్క రోజు వచ్చి పక్షుల్ని లెక్కపెట్టి వెళ్లే నాలాంటి వాళ్లు ఈ సంగతి మరవకూడదు.

ఆ రోజు చూసిన చెట్లలో చాలావాటి మీద పచ్చికాయే ఉంది. నేరేడు జాతి చెట్లు, రుద్రాక్ష జాతి చెట్లు ఇంకా ముదరలేదు. నల్ల గుగ్గిలం చెట్టు కింద మూడు పలకల గట్టి టెంకలు పాతవి దొరికాయి. అక్కడికి కొంచెం దూరంలో అడవి జాజి చెట్టొకటి కనిపించింది; దాని కాయలు అప్పుడే ఒకటీ అరా పగలడం మొదలుపెట్టాయి. పెద్దాయన కింద పడిన కాయ తెచ్చి నా చేతిలో పెట్టారు. దళసరి పసుపు తొక్క రెండు చెక్కలుగా విడిపోయి, లోపల నల్లటి గింజను చుట్టుకుని చీలికలు చీలికలుగా ఎర్రటి జాపత్రి ఉంది. గోటితో గీస్తే వేలికి జిడ్డు అంటింది. పక్షికి కావలసిన కొవ్వు అదే. గింజతో సహా మింగి, జాపత్రిని లోపల ఒలుచుకుని, గింజను చెడిపోకుండా బయటికి కక్కేస్తుంది. అంత పెద్ద గింజను మింగగల పక్షులు ఇక్కడ కొన్నే: హార్న్‌బిల్‌లు, మౌంటెన్ ఇంపీరియల్ పావురాలు.

ఆ పావురం గంభీరమైన కూత మధ్యాహ్నం దాకా వినిపిస్తూనే ఉంది. నిన్నటి పచ్చ పావురానికీ దీనికీ ఉన్న తేడా గురించి ఒక మాట చెప్పాలి. పచ్చ పావురాల కడుపులో కండ గట్టిది. చిన్న గింజల్ని నలిపి పిండి చేసేస్తుంది కనుక, జువ్వి చెట్టు దగ్గర అవి ఎంత ఎక్కువగా తిన్నా చెట్టుకు ఒరిగేది తక్కువ. ఇంపీరియల్ పావురాల కడుపు పలుచనిది, గింజ గింజగానే బయటపడుతుంది. రెండూ పావురాలే, రెండూ పండు తినేవే. చెట్టు దృష్టిలో ఒకటి దొంగ, ఒకటి బంధువు. ఉష్ణమండల అడవుల్లో సగానికి పైగా, కొన్నిచోట్ల 90 శాతం దాకా చెట్లు గింజల చేరవేతకు ప్రాణుల మీదే ఆధారపడి ఉన్నాయి కనుక ఈ తేడా చిన్నది కాదు. పండు కరువైన ఏడాది బంధువులు ఆ లోయకు రాకపోతే, ఆ ఏటి గింజలు తల్లిచెట్టు కిందే మిగిలిపోతాయి.

కరువు ఎంత తీవ్రంగా ఉండగలదో పనామాలోని బారో కొలొరాడో ద్వీపం చూపించింది. 1970లో అక్కడ ఎండాకాలం సరిగా ఎండలేదు, వానలు ఆగలేదు; ఎండ తగిలితే పూతకు వచ్చే చెట్లు ఆ ఏడు పూయలేదు. సంవత్సరం చివర్లో పండు దొరకక జంతువులు ఆకలితో చనిపోయిన సంగతిని రాబిన్ ఫాస్టర్ వివరంగా నమోదు చేశారు. ఎగరగలిగిన ప్రాణికి ఇలాంటి ఏడాదిలో ఒక దారి ఉంది: ఉన్న చోటు వదిలి వెళ్లడం. ఆ దారికి అవతలి కొస కూడా అడవిగానే మిగిలి ఉంటేనే అది దారి అవుతుంది.

గురువారం: గూడు

గూడు ఉన్న చెట్టుకు చాలా దూరంలో, పొదల చాటున, మాట్లాడకుండా కూర్చోవాలన్న షరతు మీదే వెళ్లాం. నేల నుంచి బాగా ఎత్తులో ఉన్న తొర్రకు ముఖద్వారం మొత్తం మూసి, నిలువుగా ఒక సన్నటి చీలిక మాత్రమే మిగిలింది. ఆడ గ్రేట్ హార్న్‌బిల్ చలికాలం చివర్లో లోపలికి వెళ్లి, తన రెట్టతో, పండ్ల పిప్పితో వాకిలిని మూసుకుంటుంది. లోపలే ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంటుంది. వాకిలి మూసుకున్న నాటి నుంచి దాని తిండి, ఆ తర్వాత పిల్ల తిండి మగపక్షి తెచ్చేదే. కొన్నాళ్లకు తల్లి బయటికి వచ్చేస్తుంది. పిల్ల మళ్లీ వాకిలి మూసుకుని లోపలే పెరుగుతుంది, అప్పుడు ఇద్దరూ తెచ్చి పెడతారు.

రెండు గంటలు ఎదురు చూశాక మగపక్షి వచ్చి తొర్ర పక్కన బెరడు పట్టుకుని నిలబడింది. గొంతు ఉబ్బి ఉంది. తల ఒక్కసారి ఊపి, ముక్కు కొసకు ఒక పండు తెచ్చి చీలికలోకి అందించింది. మళ్లీ ఊపి మరొకటి తెచ్చింది. చాలాసేపు జువ్వి పండ్లే వచ్చాయి. చివర్లో ఎర్రగా ఒకటి వచ్చింది, అది జాపత్రి చుట్టిన గింజ. ఆ తర్వాత ఒక తొండలాంటిదాన్ని కూడా లోపలికి ఇచ్చింది. ఎదిగే పిల్లకు పండు ఒక్కటే చాలదు. పక్షి వెళ్లిపోయాక పెద్దాయన గూటి చెట్టు మొదట్లోని నేలను బైనాక్యులర్‌లో చూడమన్నారు. కక్కిన గింజలు, చిన్న చిన్న మొలకలు అక్కడ దట్టంగా ఉన్నాయి. ఈ నెలల్లో ఏ పండు ఎప్పుడు దొరికిందో ఆ నేల చెబుతుంది. హార్న్‌బిల్ ఆహారం మీద పరిశోధన చేసేవారు గూడు కింద రాలిన గింజల్ని ఏరి లెక్కించడం అందుకే.

ఇంత పనికి ఏ నెలలు ఎంచుకోవాలన్నది పక్షికి చావుబతుకుల విషయం. రఘుపతి కణ్ణన్, డగ్లస్ జేమ్స్ 1990ల్లో ఈ ఆనైమలైలోనే గూళ్లనూ పండ్లచెట్లనూ కలిపి గమనించి, హార్న్‌బిల్ సంతానకాలం అడవిలో పండు పెరిగే కాలంతో జతపడి ఉందని చూపారు. నైరుతి వానలు జూన్‌లో దిగుతాయి. దానికి ముందు ఎండాకాలంలో పండు పెరుగుతూ వస్తుంది. గూటి పని మొదలయ్యేది అంతకు చాలా ముందు, పండు ఇంకా పలుచగా ఉన్నప్పుడు. పిల్ల ఎగరడం నేర్చుకునే వారాలు పండు నిండుగా ఉన్న వారాలు కావాలంటే, తల్లి నెలల ముందే తొర్రలోకి వెళ్లాలి. ముందున్న ఆ పలుచని నెలల్ని మగపక్షి మంగళవారం నేను చూసినటువంటి చెట్ల సాయంతో దాటిస్తుంది. తోట విస్తరణలో అలాంటి చెట్టొకటి పోతే ఒక గూటి ఏడాది మొత్తం పోయే ప్రమాదం ఉందని ఆ పొదల చాటున కూర్చున్నప్పుడు నాకు స్పష్టంగా తెలిసింది. కలపగా దానికి విలువ లేదన్న కారణంతో ఎవరైనా దాన్ని నరికితే అంతకు మించిన అన్యాయం లేదు.

శుక్రవారం: తోటల మధ్య

మధ్యాహ్నం నుంచి ఉరుములు, వాన. ఉదయం పూట తోటల్లో నడిచిందే మిగిలింది. తేయాకు మధ్య నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లకు రసముండే పండు కాయదు కనుక మైళ్ల కొద్దీ పండు తినే పక్షి కనిపించలేదు. కాఫీ తోటల్లో స్థానిక చెట్లు మిగిలిన చోట బార్బెట్లు, మలబార్ గ్రే హార్న్‌బిల్‌లు కనిపించాయి. ఆఫ్రికా నుంచి తెచ్చి నీడకు పెంచిన మీసాప్సిస్ పండ్లను కూడా హార్న్‌బిల్‌లు తింటాయి. కరువు రోజుల్లో ఇది పక్షికి మేలే. కానీ పక్షి ఆ గింజను అడవిలోకి మోసుకుపోతుంది. పరాయి దేశపు పొద లాంటానాను పికిలిపిట్టలు ఊరూరా ఇలాగే పరిచాయి. ఈ ముక్కల్లో స్థానిక వాన అడవి చెట్లను తిరిగి నాటే పనిని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు రెండు దశాబ్దాలకు పైగా చేస్తున్నారు. నర్సరీలో వందకు పైగా జాతుల మొక్కలు పెంచుతున్నారు. ఏ చెట్టు ఏ నెలలో పండుతుందో చూసి, ఖాళీ నెలలు పూడేలా మొక్కలు ఎంచుకుంటే పక్షికి రెట్టింపు మేలన్నది నా ఆలోచన.

వాన చూస్తూ కూర్చున్నప్పుడు గాబన్‌లోని లోపే అడవి గుర్తుకొచ్చింది. అక్కడ 1986 నుంచి 2018 దాకా అవే చెట్లను నెలనెలా చూసిన పట్టికలు, పండిన పండు కనిపించే అవకాశం సగటున 80 శాతానికి పైగా తగ్గినట్టు తేల్చాయి. అడవి నిలిచే ఉంది, చెట్లు నిలిచే ఉన్నాయి, పండు మాత్రం తగ్గింది. రాత్రుళ్ల చలి తగ్గడం దీనికి కారణం కావచ్చని ఆ పరిశోధకులు భావిస్తున్నారు. పై నుంచి తీసిన ఉపగ్రహ చిత్రంలో ఇది పచ్చగానే కనిపిస్తుంది. మన కొండల్లోనూ బుధవారం చూసిన బిళ్ల చెట్లను దశాబ్దాల పాటు వదలకుండా చూసేవారు ఉండాలి.

శనివారం: మలక్కప్పార నుంచి కిందికి

మలక్కప్పార చెక్‌పోస్టు దాటాక రోడ్డు షోళయార్ అడవిలోంచి వాళచ్చాల్ వైపు దిగుతుంది. ఒకే రోజులో వందల మీటర్ల ఎత్తు దిగడంలో ఒక లాభం ఉంది: పైన పచ్చిగా చూసిన కాయ కింద పండి ఉండడాన్ని కంటితో పోల్చుకోవచ్చు. పైన ముదరని నేరేడు జాతి కాయలు కింద ఒకచోట రాలి నల్లగా దారి మీద పడి ఉన్నాయి, వాటి పైన కొమ్మల్లో పికిలిపిట్టలు కిక్కిరిసి ఉన్నాయి. రెక్కలున్న ప్రాణికి కొండవాలు అంటే ఎత్తును బట్టి వేర్వేరు రోజులకు పండే ఒకే తోట.

కోస్టా రికాలోని మొంటెవెర్దె కొండల్లో క్వెట్సాల్ పక్షులు అడవి అవకాడో జాతి పండ్లను అనుసరించి, గూటి కాలం ముగిశాక ఎత్తులు మారుతాయి. మూడు తోలు తునకలు ముక్కు మొదట వేలాడే బెల్‌బర్డ్ కూడా అంతే. కొండ పైభాగం ఒక్కటే రక్షిస్తే ఈ పక్షులు నిలవవన్న సంగతి వాటికి రేడియో పరికరాలు కట్టాకే తెలిసింది. అయితే ప్రతి కదలికకూ పండే కారణమనుకోవడం తొందరపాటు. అదే దేశంలో చిన్న మానకిన్ పక్షుల్ని పరిశీలించిన ఆలిస్ బాయిల్, అవి కిందికి దిగడానికి భారీ వానలు ముఖ్య కారణమని చూపారు. తుపాను వానలో గంటల తరబడి మేత వెతకలేని చిన్న ఒంటికి, పండు చెట్టు మీద ఉన్నా లేనట్టే. పెద్ద హార్న్‌బిల్ ఆ వానను ఓర్చుకోగలదు. బోర్నియోలోనూ ఇలాంటి తేడాయే ఉంది: రైనాసరస్ హార్న్‌బిల్ తన ప్రాంతం విడవకుండా ఉంటే, రీత్డ్ హార్న్‌బిల్ పండు ఉన్న చోటికల్లా దూరాలు దాటి తిరుగుతుంది. ఒకే అడవిలో, ఒకే కరువుకు, ఒక్కో జాతి ఒక్కో జవాబు వెతుక్కుంది.

ఆదివారం: చాలక్కుడి నది ఒడ్డు

వాళచ్చాల్ దగ్గర నది ఒడ్డున మేడి చెట్లు కాండానికే గుత్తులుగా కాయలు వేసుకుని ఉన్నాయి. ఇక్కడి విశేషం మలబార్ పైడ్ హార్న్‌బిల్. ఎత్తైన కొండల కన్నా నదుల వెంట ఉండే పల్లపు అడవి దీనికి నచ్చుతుంది. ఉదయం ఒక మగపక్షి నదిని రెండు సార్లు దాటింది, రెండు సార్లూ గొంతు నిండుగానే ఉంది. ఈ అడవుల్లో హార్న్‌బిల్ గూళ్లను ఏటా వెతికి కాపాడేది కాడర్ గిరిజనులే. ఒకప్పుడు పక్షిపిల్లల కోసం గూళ్లు విప్పినవారిలో కొందరు ఇప్పుడు అటవీ శాఖతో కలిసి ఆ గూళ్లకు కావలి కాస్తున్నారు, లోపలికి వెళ్లిన రోజు, బయటికి వచ్చిన రోజు రాస్తున్నారు.

వాళ్లలో ఒకాయనను, ఈ పక్షులు వానాకాలంలో ఎటు వెళ్తాయని అడిగాను. ఆయన పక్షుల పేరెత్తకుండా చెట్ల పేర్లు చెప్పుకుంటూ పోయారు: నది మలుపులోని మేడి ఇంకో వారం, దాని పైన గుట్ట మీది జువ్వికి ఇప్పుడు పిందె కనుక వానలు పడ్డాక, షోళయార్ వైపు గుగ్గిలం చెట్లు అంతకు ముందే. తాను రాసుకున్న మూడు గూళ్లలో రెండింటి పిల్లలు మే నెల మధ్యకల్లా ఎగరాలని, అప్పటికి గుట్ట కింది నేరేళ్లు నల్లబడి ఉండాలని చెప్పి, ఈ ఏడు ఆ నేరేళ్లకు పూత కొంచెం తక్కువగా వచ్చిందని తన పుస్తకంలో ఆ పేజీ తీసి చూపించారు.